పాలగిన్నె సాక్ష్యం

మా శేషారత్నానికి పాతికేళ్ళ సన్మానం చేస్తున్నామని నరసరావుపేటలో లాయర్లంతా కలిసి కోర్టు గేటుకు ఫ్లెక్సీ కట్టించారు. నాకు చదువు రాదు కాబట్టి పక్కనున్న ఫయాజ్ చేత చదివించుకున్నాను.

"శేషారత్నం, బి.ఏ., బి.ఎల్. స్వస్థలం రొంపిచెర్ల. డిఫెన్స్ న్యాయవాదిగా ఇరవై అయిదేళ్ళ అనుభవం."

"ఊఁ, తర్వాత?"

"తర్వాతేం లేదు మామా. కింద ఫోను నంబరుంది."

పాతికేళ్ళు వాదించిన మనిషిని మూడు ముక్కల్లో తేల్చేశారు. పెళ్ళిభోజనాల పట్టీ కూడా ఇంతకంటే పొడుగ్గా ఉంటుంది. అందుకని ఆమె అనుభవం సంగతి నేనే చెబుతాను.

గుంటూరులో లా చదివొచ్చిన కొత్తలో ఆమె ఒక పెద్ద ప్లీడరు దగ్గర జూనియరుగా చేరింది. నాలుగేళ్ళు ఆమె చేసిన పనల్లా లేచి నిలబడి వాయిదా అడగడం. అడిగీ అడిగీ ఎంత అలవాటు పడిందంటే, పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు "అమ్మాయి ఏమంటుంది?" అంటే లేచి నిలబడి రెండు వారాలు వాయిదా అడిగింది. వాళ్ళు ఇచ్చారు కూడా. ఆ తర్వాత సొంతంగా పట్టిన మొదటి కేసు కోడిపందేలది. ముద్దాయిలు పదకొండుమంది, కోళ్ళు రెండు. మనుషులకంటే ముందు కోళ్ళకు బెయిలు తెప్పించింది. అందులో ఒక కోడి ఆ విశ్వాసంతో రోజూ కోర్టు గోడెక్కి, సరిగ్గా జడ్జిగారు బెంచి ఎక్కే వేళకు కూసేదని మాచవరం దాకా చెప్పుకుంటారు. చెప్పిందీ నేనే అనుకోండి.

ఈ పాతికేళ్ళలో ఆమె కోర్టులో గొంతెత్తి అరవడం ఎవరూ చూడలేదు. మిగతా ప్లీడర్లు బల్ల గుద్దుతారు, గౌను ఎగరేస్తారు. ఈమె పేరంటానికి వచ్చి మొహమాటంగా కూర్చున్నదానిలా కూర్చుంటుంది. వంతు వచ్చినప్పుడు లేచి మూడో నాలుగో ప్రశ్నలడిగి మళ్ళీ కూర్చుంటుంది. ఎదుటి సాక్షి "ఈవిడేం చేస్తుందిలే" అని నిమ్మళంగా మాట్లాడతాడు. అక్కడ దొరికిపోతాడు.

ఈ సంగతి నాకెలా తెలుసంటే, ఆ బోనులో నేనూ నిలబడ్డాను. ఫయాజ్ కేసులో.

రొంపిచెర్లలో నాది టీ కొట్టు. రోడ్డుకు ఇవతల నా కొట్టు, అవతల ఫయాజ్ మోటారు సైకిళ్ళ షెడ్డు. మంచి పనిమంతుడు. వాళ్ళమ్మ మాబున్నీసా రోజూ మధ్యాహ్నం వాడికి అన్నం క్యారేజీ తెస్తుంది.

ఏడాదిన్నర కిందట నాగుల చవితి రోజు. మా ఆవిడకు ఎప్పటిదో మొక్కుంది: ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగకూడదు, కొట్లోనూ వెలగకూడదు. చలిమిడి, చిమ్మిలి, నానబెట్టిన పెసరపప్పు తిని ఉండటమే. ఉన్న పాలన్నీ పుట్టకే. ఏడాది మొత్తంలో నా పొయ్యి చల్లగా ఉండేది ఆ ఒక్క రోజే. ఇంట్లో ఊరికే కూర్చోలేక కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాను. ఊళ్ళో జనం పుట్టల దగ్గర్నుంచి ఇళ్ళకు చేరారు. రోడ్డు మీద పురుగు లేదు.

అప్పుడొచ్చాడు గోపీచంద్. పురుగుమందుల కొట్టాయన. బండి నడపడంలో తనంతటివాడు పల్నాడులో లేడని ఆయన నమ్మకం. రిపేరుకిచ్చిన బండి బయట నిలబెట్టి ఉంది, తాళం దానికే ఉంది. ఎక్కి స్టార్ట్ చేశాడు. ఫయాజ్ చేతిలో పెద్ద పానాతో బయటికొచ్చి "అన్నా, బ్రేకులు ఇంకా బిగించలా! ఆగన్నా!" అని అరుస్తూ వెంటపడ్డాడు. గోపీచంద్ చెయ్యి ఊపి ఇంకా గట్టిగా పోనిచ్చాడు. నలభై బారలు పోయి కిలోమీటరు రాయిని గుద్దుకున్నాడు. చెయ్యి విరిగింది. ఫయాజే పరిగెత్తి లేపాడు.

జరిగింది ఇంతే.

కానీ మర్నాడు పొయ్యి వెలిగించి, జనం టీల కోసం చేరి "ఏంది యల్లమందా, నిన్న ఏందో అయిందంటగా?" అని అడిగితే ఇంతే ఎలా చెబుతాను? రాయిని గుద్దుకున్నాడంటే ఎవరు వింటారు? మా ఫయాజ్ కండబలం గురించి చెబుదామనిపించింది. "మా వాడి పనిని గోపీచంద్ ఒక్క మాట అన్నాడంతే. మా వాడికి కోపం నషాళానికి అంటింది. పానా ఎత్తి ఒక్కటిచ్చాడు. ఆ దెబ్బకి పానా చేతిలోంచి జారి, రోడ్డు దాటి ఎగిరొచ్చి, ఇదిగో ఇక్కడ మరుగుతున్న నా పాలగిన్నెలో పడింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. పచ్చకుక్కొకటి వచ్చి రోడ్డు మీద పాలు మొత్తం నాకేసింది" అని చెప్పాను. జనం టీ గ్లాసులు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. ఆ వారంలో పన్నెండుసార్లు చెప్పించుకున్నారు. అందరికంటే ఎక్కువసార్లు విన్నది ఆనంద్ బాబు. గోపీచంద్ బావమరిది.

గోపీచంద్ నాటుకట్టు కట్టించుకుని ఇంట్లో పడి ఉన్నాడు. అంత రైడరు కిలోమీటరు రాయిని గుద్దుకున్నాడని నలుగురూ నవ్వుతుంటే ఆయనకు తల ఎత్తుకోవడం కష్టంగా ఉంది. బావమరిది వెళ్ళి నా కథ చెప్పాడు. ఆయనకు అది తెగ నచ్చింది. రాయిని గుద్దుకోవడం కంటే పానాదెబ్బ తినడం పరువుగా ఉంది. ఎనిమిదో రోజు పోయి కేసు పెట్టాడు. ఆనంద్ బాబు కళ్ళారా చూశానని సాక్షిగా పేరిచ్చాడు.

ఆ మధ్యాహ్నం మాబున్నీసా నా కొట్టు ముందుకొచ్చి నిలబడింది. చేతిలో క్యారేజీ అట్లాగే ఉంది. తినేవాణ్ణి పోలీసులు తీసుకెళ్ళారు.

"యల్లమందన్నా, నీకు మా వాడు ఏం అన్యాయం చేశాడు?"

"నేనేం చేశా చెల్లెమ్మా? నేను వాణ్ణి పొగిడా."

"నీ పొగడ్త పాడుగాను! ఆయుధంతో కొట్టినట్టంట. మూడేళ్ళు లోపలేస్తారంట. నువ్వు చెప్పిన ముక్కకి ముక్క ఆ కాగితంలో రాసుంది. పచ్చకుక్క ఒక్కటే లేదు."

కొట్టు మూసేశాను. ఆమెను వెంటబెట్టుకుని ఆటో ఎక్కి పేటలో శేషారత్నం ఆఫీసుకు పోయాను. వాళ్ళ నాన్న ఇల్లు మా వెనక వీధే. చిన్నప్పుడు నా కొట్లో బన్ను తిని ఎదిగిన పిల్ల. నన్ను బాబాయ్ అంటుంది.

ఫయాజ్‌కు రెండు రోజుల్లో బెయిలొచ్చింది. తర్వాత నన్నొక్కణ్ణే కూర్చోబెట్టింది.

"చెప్పు బాబాయ్. ఏం చూశావ్?"

"చూడమ్మాయ్, రెండొందల గజాల దూరంలో..."

"సగం చెయ్యి."

"వంద గజాల దూరంలో..."

"ఇంకో సగం."

"యాభై."

"నీ కొట్టుకీ ఆ షెడ్డుకీ నడుమ రోడ్డేగా ఉంది?"

"అయితే ఇరవై అడుగులుంటది."

"అదీ! ఇట్టా చెప్పాలి. పాతికేళ్ళుగా మన ఊరోళ్ళని చూస్తన్నా. మీరు ఏది చెప్పినా సగం చేసి, దాన్ని మళ్ళీ సగం చేస్తేగానీ నిజం తగలదు. ఇప్పుడు పాలగిన్నె సంగతి చెప్పు. పానా వచ్చి నిజంగా దాంట్లో పడిందా?"

నేను నేల చూపులు చూశాను. "సగం చెయ్యమంటావా?"

"దాన్ని సగం ఎట్టా చేస్తావ్ బాబాయ్? పడిందా, పళ్ళేదా?"

"అసలు గిన్నే లేదమ్మా. ఆ రోజు నాగుల చవితి. మీ పిన్ని మొక్కు. పొయ్యే వెలిగించలా."

ఆమె రాసుకుంటున్న పెన్ను ఆగింది. లేచి గోడకున్న క్యాలెండరు దగ్గరికి పోయి పేజీలు వెనక్కి తిప్పింది. ఒక గడి మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి నవ్వింది. నాకు భయమేసింది.

"నువ్వు కోర్టుకొచ్చి ఈ మాట చెప్పాలి. ఊళ్ళో చెప్పింది కట్టుకథని కూడా చెప్పాలి."

"అందరి ముందా?"

"అందరి ముందే. ప్రమాణం చేసి."

"శేషమ్మా, నా కొట్టుకి జనం వచ్చేది టీకి కాదే! టీ యాడైనా దొరుకుద్ది. నేను కథలల్లుతానని కోర్టులో ఒప్పుకుంటే ఇంక నా మాట ఎవడింటాడు? నా బతుకేం గాను?"

"ఫయాజ్ బతుకేం గావాలో కూడా నువ్వే చెప్పు" అని ఆమె ఫైలు మూసేసింది.

వాయిదాల మీద వాయిదాలు పడి ఏడాది గడిచింది. ఆ ఏడాదీ ఫయాజ్ షెడ్డుకు కొత్త బండ్లు రాలేదు. పానాతో కొట్టేవాడి దగ్గరికి బండి ఎవరిస్తారు? మాబున్నీసా క్యారేజీ తెస్తూనే ఉంది గానీ నా కొట్టు వైపు చూడటం మానేసింది.

విచారణ రోజు మా ఊరి నుంచి రెండు ఆటోల నిండా జనం దిగారు. ఆనంద్ బాబు బోనెక్కి, సర్కారు తరఫు వకీలు అడిగినదంతా గడగడా చెప్పాడు. తర్వాత శేషారత్నం లేచింది.

"ఆనంద్ బాబుగారూ, కొట్టినప్పుడు మీరు యాడున్నారు?"

"యల్లమంద టీ కొట్టు కాడ, బల్ల మీద."

"ఏం చేస్తన్నారు?"

"టీ కొట్టు కాడ ఏం చేస్తారండీ? టీ తాగుతన్నా."

"పాల టీయేనా?"

"అల్లమేసిన పాల టీ. అప్పుడే కాచి దించాడు. పొగలు కక్కుతా ఉంది."

"తర్వాత పానా ఏమైంది?"

ఆనంద్ బాబు ముఖం వెలిగిపోయింది. "చేతిలోంచి జారి ఎగిరొచ్చి పొయ్యి మీద పాలగిన్నెలో పడిందండీ. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నా పంచె మీద కూడా చిందాయి. ఇక్కడ, మోకాలి కాడ."

పంచె ముక్క నాది కాదు. వాడు సొంతంగా కలిపాడు. బాగానే ఉందనిపించింది కూడా.

"అంతేనండీ" అని శేషారత్నం కూర్చుంది.

వెనక బెంచీ మీద మాబున్నీసా గుండెలు బాదుకుంది. "అంతేనా? కనీసం గట్టిగా కేకైనా వెయ్యలా! ఈమెనా అన్నా నువ్వు పెట్టించింది?"

ఆ తర్వాతి వాయిదాకు నా వంతు. బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలిచాడు. బోనెక్కి ప్రమాణం చేశాను. ఎదురుగా మా ఊరు మొత్తం కూర్చుని ఉంది. నా కొట్లో కాళ్ళు ముడుచుకుని కథలు వినే మొహాలే అన్నీ.

"మీకూ ఫయాజ్ షెడ్డుకూ మధ్య దూరం ఎంత?" అని శేషారత్నం అడిగింది.

రెండొందలు నాలుక చివరికొచ్చింది. మింగాను. వంద వచ్చింది. అదీ మింగాను.

"ఇరవై అడుగులండీ."

చూసిందంతా చెప్పాను. బ్రేకులు బిగించలేదని ఫయాజ్ అరవడం, గోపీచంద్ చెయ్యి ఊపడం, కిలోమీటరు రాయి. నేను పది మాటలు చెబితే జడ్జిగారు టైపు కొట్టే ఆయనకు ఒక మాట చెబుతున్నారు. అంత కష్టపడి మా ఆవిడ మొక్కు, చలిమిడి, చిమ్మిలి, నాలుగు పుట్టలు తిరగడం, అన్నీ వివరంగా చెప్పాను. ఆయన "నాగుల చవితి కావడం వల్ల ఆ రోజు పొయ్యి వెలిగించలేదు" అన్నారు. అంతే. అంతకంటే పిసినారి మనిషిని నేను చూడలేదు.

శేషారత్నం క్యాలెండరు కాగితం పైకి అందించింది. "మరి పాలగిన్నెలో పానా పడిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. అది ఎవరు చెప్పారు?"

నేను మా ఊరివైపు చూశాను. ఎవరూ కదలడం లేదు. ఫయాజ్ తల వంచుకుని తన గోళ్ళలోని గ్రీజు చూసుకుంటున్నాడు. మాబున్నీసా మాత్రం నా మొహంలోకే చూస్తోంది.

"నేనేనండీ. మర్నాడు మొదలుపెట్టి వారం రోజులు చెప్పా. మొత్తం కట్టుకథ. కొట్టడం లేదు, గిన్నె లేదు, పాలు లేవు. ఆనంద్ బాబు కూడా ఆ రోజు లేడు. నా కథ వినడానికి మర్నాడు వచ్చాడు."

హాల్లో గుసగుసలు లేచాయి. ఆనంద్ బాబు వెనక తలుపు వైపు జరిగాడు.

సర్కారు వకీలు లేచాడు. ఆయన తెలివైనవాడు. కళ్ళజోడు పైకి తోసుకుని చిరునవ్వుతో దగ్గరికొచ్చాడు.

"యల్లమందా, ఊరి మొత్తానికి వారం పాటు అబద్ధం చెప్పానని నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావ్. అప్పుడు అబద్ధం చెప్పినవాడు ఇప్పుడు నిజం చెబుతున్నాడని కోర్టు ఎట్లా నమ్మాలి?"

నేను శేషారత్నం వైపు చూశాను. ఇన్ని నేర్పిన మనిషి ఇది నేర్పలేదు. ఫైల్లో ఏదో రాసుకుంటోంది. తల కూడా ఎత్తలేదు.

నాకు ఒళ్ళు మండింది. కోర్టుని చూసి కాదు, ఆ ప్రశ్నని చూసి.

"అయ్యా, తమరు నా కథలు ఎప్పుడూ విన్నట్టు లేదు. నేను కల్పిస్తే అందులో నేనుంటా. పానా వచ్చి నా గిన్నెలోనే పడాలి. వరదొస్తే నేనే ఈదాలి. ఇప్పుడు నేను చెప్పిందాంట్లో నాకేముంది చెప్పండి? పొయ్యి లేదు, పాలు లేవు. ఒకడు పరిగెత్తాడు, ఒకడు పడ్డాడు. నేను బల్ల మీద కూర్చుని పళ్ళలో ఇరుక్కున్న పెసరబద్ద తీసుకుంటన్నా. లేవను కూడా లేవలా. ఇంత చప్పిడి కథ నేను కల్పిస్తానా అయ్యా? నాకు పరువు లేదా?"

ముందు మా ఊరివాళ్ళు నవ్వారు. తర్వాత ప్లీడర్లు. సర్కారు వకీలు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గోపీచంద్ కూడా విరిగి అతుక్కున్న చేత్తో నోరు మూసుకోవడం నేను చూశాను. జడ్జిగారు మాత్రం నవ్వలేదు. టైపు ఆయన వైపు తిరిగి చెప్పారు:

"సొంతంగా కల్పించి ఉంటే ఇంతకంటే బాగా కల్పించేవాడినని సాక్షి చెప్పాడు."

ఆ ఒక్క ముక్కకు మాత్రం ఆయన్ను క్షమించాను.

బయటికొచ్చాక వేపచెట్టు నీడలో శేషారత్నాన్ని నిలదీశాను. "ఆ ప్రశ్న అడుగుతారని తెలిసి ముందే చెప్పలేదేంది?"

"నేర్పితే నేర్పినట్టే ఉండేది బాబాయ్. నీ కథల జోలికొస్తే నువ్వు ఊరుకోవని నాకు తెలుసు. చిన్నప్పట్నుంచీ చూస్తన్నాగా" అంది. ఆమె పాతికేళ్ళ అనుభవం అంటే నాకప్పుడు కొంచెం అర్థమైంది.

మూడు వారాలకు తీర్పొచ్చింది. ఫయాజ్‌ను వదిలేశారు. ఆ మధ్యాహ్నం మాబున్నీసా క్యారేజీ పట్టుకుని ముందు నా కొట్టుకొచ్చింది. ఒక గిన్నె తీసి నా బల్ల మీద పెట్టింది. సేమ్యా.

"ఇరికించిందీ నువ్వే, ఇడిపించిందీ నువ్వే. నిన్ను తిట్టాలో మొక్కాలో తెలవట్లా అన్నా. తిను."

గోపీచంద్ బండి ఇప్పటికీ ఫయాజ్ దగ్గరికే వస్తుంది. ఇప్పుడు బ్రేకులు మూడుసార్లు నొక్కి చూసుకుని మరీ ఎక్కుతాడు. ఆనంద్ బాబు మాత్రం నా కొట్టుకు రావడం మానేశాడు. పంచె ముక్క బాగుందని చెబుదామంటే కనపడడు.

నా కొట్టుకు జనం తగ్గుతారని భయపడ్డాను గదా. తగ్గలేదు. కాకపోతే నేను ఏం మొదలుపెట్టినా, ఎవడో ఒకడు టీ గ్లాసు ఎత్తిపట్టి "ముందు ప్రమాణం చెయ్యవయ్యా!" అంటున్నాడు.

మొన్న సన్మానం రోజున భోజనాల దగ్గర కొత్త ప్లీడర్లు కొందరు నా చుట్టూ చేరి ఆ కేసు సంగతి అడిగారు. నేను ఊరుకుంటానా?

"తీర్పు రోజున హాలు మొత్తం నిశ్శబ్దం. జడ్జిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. శేషారత్నం వైపు తిరిగి రెండు చేతులూ జోడించి, 'అమ్మా, నా సర్వీసులో ఇట్టాంటి వాదన వినలా' అన్నారు. కళ్ళంబడి నీళ్ళు..."

వెనకనుంచి మెల్లగా వినపడింది. "బాబాయ్. సగం."

తిరిగి చూస్తే చేతిలో విస్తరాకుతో, మెడలో దండతో ఆమే.

"సరే, కళ్ళనీళ్ళు లేవు. లేచి నిలబడి చేతులు జోడించారు."

"ఇంకో సగం."

"లేవలా. కూర్చునే తలూపారు."

"బాబాయ్..."

కొత్త ప్లీడర్లు నా నోటివైపే చూస్తున్నారు. ఆమె విస్తట్లో పులిహోర చల్లారిపోతోంది. ఇక తప్పలేదు.

"ముద్దాయిని విడిచిపెడుతున్నామన్నారు. తర్వాతి కేసు పిలవమన్నారు."

ఆమె తృప్తిగా తలూపి వెళ్ళి తన బంతిలో కూర్చుంది. ఆమె దూరం పోయేదాకా ఆగి, నేను కొత్త ప్లీడర్లను దగ్గరికి రమ్మన్నాను.

"ఆ తర్వాతి కేసు ఎవరిదనుకున్నారు? ఒక కోడిది."